కార్బన్ ఫైబర్ ట్రిమ్ ఫెయిరింగ్‌కి ఎలా బిగించాలి: టేపా, బోల్టా?

బెజవాడ రైడర్:
నా యమహా ఆర్15 బైకు సైడ్ ఫెయిరింగ్ (పక్కనుండే ప్లాస్టిక్ తొడుగు) మీద అందానికి అతికించే అసలైన కార్బన్ ట్రిమ్ ముక్కలు రెండు తెప్పించాను. ఒక్కోటి 30 సెంటీమీటర్ల పొడవు, ఒక మిల్లీమీటరు మందం. డబ్బాలో టేపూ లేదు, ఎలా బిగించాలో చెప్పే కాగితమూ లేదు. మా మెకానిక్ "నాలుగు బెజ్జాలు కొట్టి బోల్టులేద్దాం, చచ్చినా ఊడదు" అంటున్నాడు. కొత్త బండికి డ్రిల్లు పెట్టాలంటే చెయ్యి రావట్లేదు. పగలంతా బండి ఆఫీసు బయట ఎండలోనే ఉంటుంది. మన మే నెల ఎండకు టేపు ఆగుతుందా?

పాత స్పానర్:
మెకానిక్ మాట వినండి. పోయినేడు నేనూ డబుల్ టేపుతోనే అతికించాను. హైవే మీద నార్కట్‌పల్లి దాటాక టప్‌మని ఎగిరిపోయింది. వెనక కారు అద్దానికి తగల్లేదు కాబట్టి సరిపోయింది. బోల్టు వదులైతే ముందు గడగడలాడి చెబుతుంది. టేపు చెప్పా పెట్టకుండా పోతుంది.

రెసిన్ రాజు:
స్పానర్ అన్నా, ఏ టేపు వాడావు? ఫ్యాన్సీ షాపులో దొరికే తెల్ల స్పాంజి టేపైతే అది గోడ మీద క్యాలెండర్‌కే ఎక్కువ. 3ఎం కంపెనీ వీహెచ్‌బీ లాంటి ఆక్రిలిక్ ఫోమ్ టేపు వేరే జాతి. అందులో చాలా రకాలు 90 డిగ్రీల దాకా తట్టుకుంటాయి. ఎండలో నల్ల ఫెయిరింగ్ ఎంత కాలినా అంత వేడి రాదు.

బెజవాడ తమ్ముడూ, సాధారణంగా ఊడేది టేపు వల్ల కాదు, కింద ఉన్న మైనం పాలిష్ వల్ల. ఐసోప్రొపైల్ ఆల్కహాల్, నీళ్లు సగం సగం కలిపి ఫెయిరింగ్‌నూ, ముక్క వెనక వైపునూ తుడువు. ఆరాక అతికించి గట్టిగా నొక్కు. మూడు రోజులు బండి కడగొద్దు, హైవే ఎక్కొద్దు. పూర్తి పట్టు రావడానికి దాదాపు 72 గంటలు పడుతుంది. రంగు వేయని గరుకు నల్ల ప్లాస్టిక్ మీదైతే మాత్రం జాగ్రత్త. అది పాలీప్రొపిలీన్ అయితే ప్రైమర్ (టేపు పట్టు కోసం ముందు పూసే ద్రవం) పూయకుండా ఏదీ సరిగ్గా అంటదు.

కరీంనగర్ 390:
ఇంత గొడవ ఎందుకు బ్రో, రెండు ట్యూబుల ఎపాక్సీ జిగురు కలిపి అతికించేస్తే జన్మలో కదలదు కదా?

రెసిన్ రాజు:
కదలకపోవడమే దాని జబ్బు. ఫెయిరింగ్‌ది ఏబీఎస్ అనే ప్లాస్టిక్, వేడికి సాగుతుంది, కార్బన్ దాదాపు సాగదు. రాత్రి 25 డిగ్రీలు, మధ్యాహ్నం ఎండలో 65 అనుకో. 30 సెంటీమీటర్ల ప్లాస్టిక్ ప్యానెల్ ఇంచుమించు ఒక మిల్లీమీటరు పెరుగుతుంది. ఫోమ్ టేపైతే ఆ కాస్త కదలికను తనలో ఇముడ్చుకుంటుంది. గట్టి ఎపాక్సీ రోజూ అటూ ఇటూ లాగించుకుని చివరికి పగులుతుంది, లేదా పెయింటును ఊడబెరుక్కుని వస్తుంది. ఫెవిక్విక్ లాంటివైతే అంచుల చుట్టూ తెల్లటి పొగ మరక కూడా మిగులుస్తాయి. టేపును రేపు ఎప్పుడైనా హెయిర్ డ్రయ్యర్‌తో వేడి చేసి, చేపల గాలం దారంతో కోసి తీసేయొచ్చు. పెట్రోలుతో మాత్రం తుడవొద్దు, ప్లాస్టిక్ చిట్లుతుంది.

పాత స్పానర్:
సరే, నాది స్పాంజి టేపే, ఒప్పుకుంటున్నా. కానీ వాటర్ వాష్ వాడు ప్రెజర్ గన్ తీసుకొచ్చి అంచు మీదే కొడతాడు. దానికేమంటావు?

విశాఖ తీరం:
అందులో న్యాయం ఉంది. టేపు పక్కకు లాగితే బలంగా ఉంటుంది, అంచు నుంచి పైకి లేపితే ఓడిపోతుంది. కాబట్టి గాలికి ఎదురుండే ముందు అంచు దాకా టేపు రావాలి, మధ్యలో రెండు ముక్కలు వేసి ఊరుకుంటే కుదరదు.

నేను వెనక మడ్‌గార్డు కార్బన్ ముక్కకు బోల్టులే వాడాను. రాళ్లు, బురద, అదురు అన్నీ అక్కడే కదా. మొదట అల్యూమినియం బోల్టులు వేశాను. కార్బన్‌లో కరెంటు పారుతుంది. దానికి మా ఊరి ఉప్పుగాలి తోడైతే తుప్పు పట్టి అల్యూమినియమే బలి. కొన్ని నెలలకే బోల్టుల చుట్టూ తెల్ల పొడి. ఇప్పుడు స్టెయిన్‌లెస్ బోల్టు, కింద నైలాన్ వాషర్. బెజ్జం బోల్టు కంటే కొంచెం పెద్దది కొట్టాలి, లేకపోతే వేడికి ప్లాస్టిక్ జరగడానికి చోటుండక బెజ్జం దగ్గరే పగులు మొదలవుతుంది. కార్బన్‌కు డ్రిల్లు పెట్టేటప్పుడు వెనక చెక్క ఆనించండి, ముక్కుకు మాస్కు తప్పనిసరి. ఆ పొడి ఊపిరితిత్తుల్లోకి పోతే మంచిది కాదు.

కరీంనగర్ 390:
బరువు తగ్గుతుందని కార్బన్ కొంటారు. ఉన్న ప్లాస్టిక్ మీద ఇంకో పొర అతికిస్తే బరువు పెరుగుతుంది కదా 😄

బెజవాడ రైడర్:
అందం కోసమేలే అన్నా, అడగకు. అసలు సంగతి, టేపు లేకుండా ఊరికే పెట్టి చూశాను. ఎడమది చక్కగా కూర్చుంది. కుడిదాని ముందు అంచు 3 మిల్లీమీటర్లు లేచి ఉంది. నొక్కితే కూర్చుంటోంది, వదిలితే లేస్తోంది.

పాత స్పానర్:
చెప్పానా! దానికి బోల్టే మందు.

రెసిన్ రాజు:
నొక్కి పెట్టి టేపు వేస్తే ముక్క బిగువు పగలూ రాత్రీ అంచును పైకి లాగుతూనే ఉంటుంది, నేనూ వద్దనే అంటాను. బోల్టుతో లాగి బిగించినా ఆ బిగువంతా బెజ్జం మీదే పడుతుంది. ముక్క మార్చుకో తమ్ముడూ.

బెజవాడ రైడర్:
అమ్మినవాడికి ఫొటో పంపాను. "మీ ఫెయిరింగే వంకర సార్" అంటున్నాడు. ఎడమది రేపు పొద్దున అతికిస్తాను. కుడిదాని సంగతి తేలేదాకా బండి ఒక చెవికి కమ్మ పెట్టుకున్నట్టే తిరుగుతుంది.