జనరల్ కోర్సుల కమిటీలో వేశారు, ఏ కోర్సు ఉంచాలో ఏది వద్దనాలో ఎలా తేల్చాలి?

తిరుపతి ఎకనామిక్స్ అడిగారు:

అందరికీ నమస్కారం. తిరుపతిలో ఒక అటానమస్ (సిలబస్ తానే తయారు చేసుకునే) డిగ్రీ కాలేజీలో ఎకనామిక్స్ చెప్తాను. ఈ ఏడాది నన్ను కామన్ కోర్సుల కమిటీలో వేశారు. అంటే మేజర్, మైనర్ కాకుండా అన్ని గ్రూపుల పిల్లలూ చదవాల్సిన కోర్సులు చూసే కమిటీ. వీటిని చిన్న విషయం అనుకుంటారు గానీ, యూజీసీ 2022 డిసెంబరులో ఇచ్చిన ఫ్రేమ్‌వర్క్ చూడండి: మూడేళ్ల డిగ్రీకి 120 క్రెడిట్లు (క్లాసు గంటలను బట్టి లెక్కేసే పాయింట్లు), అందులో తమది కాని సబ్జెక్టుల పరిచయానికి పెట్టే మల్టీ డిసిప్లినరీ కోర్సులకు 9, భాషలకు 8, స్కిల్ కోర్సులకు 9, పర్యావరణం లాంటి వాల్యూ యాడెడ్ కోర్సులకు 6 నుంచి 8. తక్కువలో తక్కువ లెక్కేసినా 32. పిల్లల డిగ్రీలో నాలుగో వంతుకు పైగా ఇదే.

పై నుంచి వచ్చిన జాబితా కొంత ఉన్నా, మిగతాది మేమే తేల్చుకోవాలి. మొదటి మీటింగ్ మొత్తం వర్క్‌లోడ్ మీదే నడిచింది. అడ్మిషన్లు తగ్గిన డిపార్ట్‌మెంట్లు "మాకు రెండు కోర్సులివ్వండి, లేకపోతే మా కాంట్రాక్టు లెక్చరర్లకు గంటలుండవు" అంటున్నాయి. వాళ్ల బాధ నిజమే, కాదనను. కానీ ఆ కోర్సు చదివే పిల్లలకు ఏం వస్తుందన్న మాట ఆ రోజు ఒక్కరి నోటా రాలేదు.

నా టేబుల్ మీద ఇప్పుడు ఒక సిలబస్ ఉంది, నిత్యజీవితంలో కెమిస్ట్రీ అని. పేరు చూసి సంతోషపడ్డాను. లోపల మొదటి యూనిట్ క్వాంటమ్ నంబర్లు, రెండోది పీరియాడిక్ టేబుల్. సబ్బులు, మందులు, ఎరువులు చివరి యూనిట్‌లో రెండు లైన్లు. నేను కెమిస్ట్రీ మనిషిని కాదు. వేరే సబ్జెక్టు వాళ్ల సిలబస్ మీద నేను మాట్లాడొచ్చా? మాట్లాడితే ఏం అడగాలి? ఇలాంటి కమిటీల్లో కూర్చున్నవాళ్లు చెప్పండి.

చిత్తూరు రిటైర్డ్ మాస్టారు:

తప్పకుండా మాట్లాడొచ్చమ్మా. మీరు కెమిస్ట్రీ మనిషి కాకపోవడమే ఇక్కడ పనికొచ్చే విషయం, ఎందుకంటే ఆ కోర్సు చదివేది కూడా కెమిస్ట్రీ పిల్లలు కాదు. మీకు అర్థం కాని సిలబస్ బీకామ్ పిల్లాడికి ఎలా అర్థమవుతుందని నేరుగా అడగండి.

మన దగ్గర చిక్కు ఎక్కడంటే, ప్రతి సబ్జెక్టుకూ సిలబస్ చూసే ఒక కమిటీ, బోర్డ్ ఆఫ్ స్టడీస్ అని ఉంటుంది. బయటి యూనివర్సిటీ నుంచి ఎక్స్‌పర్టులు వస్తారు, పాత విద్యార్థి ఒకరుంటారు, పేపరు పేపరూ చూస్తారు. జనరల్ కోర్సులకు అలా అడిగే నాథుడు లేడు. అన్నీ కలిపి ఒక కట్టగా, కాలేజీలో చదువుల మీద చివరి మాట చెప్పే అకడమిక్ కౌన్సిల్‌కు వెళ్తాయి, అప్పటికే భోజనాల వేళ అయి ఉంటుంది, పాస్ అయిపోతాయి.

పర్యావరణం కోర్సు సంగతే తీసుకోండి. లాయరు ఎం.సీ. మెహతా వేసిన కేసులో 1991లో సుప్రీంకోర్టు పర్యావరణాన్ని చదువులో తప్పనిసరి చేయాలని చెప్పింది, తర్వాత యూజీసీ అన్ని డిగ్రీలకూ కలిపి ఆరు నెలల సిలబస్ తయారు చేసింది. ఫీల్డ్ వర్కు కూడా పెట్టారు అందులో. మంచి సిలబస్. కానీ నేను చూసిన చోటల్లా దాన్ని ఆ సెమిస్టర్‌లో ఎవరికి గంటలు ఖాళీగా ఉంటే వాళ్లకు ఇచ్చారు. స్వర్ణముఖి పక్కనే చదువుకుంటున్న పిల్లల్ని ఆ ఏటి దగ్గరికి ఒక్కసారి తీసుకెళ్లకుండా కోర్సు ముగించేశారు. అందుకే సిలబస్ కంటే ముందు ఎవరు చెప్తారు అని అడగండి. పేరు చెప్పలేకపోతే ఆ కోర్సు ఆపండి.

కొర్లగుంట నుంచి ఒహాయో:

మేడమ్, నాది తిరుపతే, ఇక్కడ అమెరికాలో ఒక స్టేట్ యూనివర్సిటీలో పాఠాలు చెప్తూ జనరల్ ఎడ్యుకేషన్ కమిటీలో ఉన్నాను. గొడవ ఇక్కడా అదే. చాలా యూనివర్సిటీల్లో డిపార్ట్‌మెంట్‌కు వచ్చే బడ్జెట్ ఎంతమంది పిల్లలు చేరారన్న దాన్ని బట్టి కూడా ఉంటుంది కాబట్టి, ప్రతి ఒక్కరికీ తమ కోర్సు ఆ జాబితాలో ఉండాలి.

తేడా ఎక్కడంటే, మా దగ్గర కోర్సు పెట్టాలనుకున్నవాళ్లు ఒక ఫారం నింపాలి. ఈ కోర్సు అయ్యాక పిల్లలు ఏం చేయగలరు, అది వచ్చిందో లేదో ఏ అసైన్‌మెంట్ చూసి తెలుసుకుంటారు, ఆ అసైన్‌మెంట్ నమూనా జత చేయాలి. మేం ఎక్కువగా గొడవ పడేది సిలబస్ మీద కాదు, ఆ నమూనా మీదే. సిలబస్‌లో ఎంత గొప్ప మాటలైనా రాయొచ్చు, అసైన్‌మెంట్ దగ్గరికి వచ్చేసరికి అసలు సంగతి బయటపడుతుంది. మీ కెమిస్ట్రీ వాళ్లను కూడా ఒక్క పరీక్ష పేపరు, ఒక్క ప్రాక్టికల్ రాసి తెమ్మనండి. ఒకసారి ఓకే అయిందని ఎప్పటికీ ఉండదు, కొన్నేళ్లకోసారి మళ్లీ కమిటీ ముందుకు రావాలి.

ఇక్కడి చరిత్రలో నాకు నచ్చేది కొలంబియా యూనివర్సిటీ వాళ్లది. మొదటి ప్రపంచ యుద్ధం అయిపోగానే 1919లో కాంటెంపరరీ సివిలైజేషన్ అని ఒక కోర్సు పెట్టారు, కాలేజీ పిల్లలందరికీ. ఇవాళ్టికీ ఉంది. చిన్న చిన్న సెక్షన్లు, ఒక్కో సెక్షన్‌కు ఒక్కో డిపార్ట్‌మెంట్ నుంచి టీచరు. అది ఫలానా డిపార్ట్‌మెంట్ సొత్తు అని ఎవరూ అనలేరు. హార్వర్డ్ కూడా తన జనరల్ కోర్సులను ఎన్నోసార్లు మార్చుకుని 2019 నుంచి వాటికి నాలుగు విభాగాలు పెట్టుకుంది. అవే తెచ్చి తిరుపతిలో పెట్టమని అనను, వాళ్ల పిల్లలు ఎన్నో కోర్సుల్లోంచి ఏరుకుంటారు, మన దగ్గర టైమ్‌టేబుల్‌లో ఏది పడితే అదే.

పుత్తూరు బీకామ్:

నేను చదువుకున్న అమ్మాయిని, కమిటీలు తెలియవు, కానీ ఇవన్నీ పడింది మా మీదే కాబట్టి చెప్తున్నా. ఇంటర్ సీఈసీ, డిగ్రీ బీకామ్. పదో తరగతి తర్వాత సైన్స్ పుస్తకం ముట్టలేదు. మాకు ఆహార కల్తీ గురించి ఒక స్కిల్ కోర్సు ఉండేది. మేడమ్ అందరినీ ఇంటి నుంచి పాలు తెమ్మన్నారు. చిన్న గ్లాసులో పాలు కాచి చల్లార్చి అయోడిన్ చుక్క వేయించారు. పిండి కలిపి ఉంటే నీలం రంగు వస్తుంది. మా బెంచీలో ఒకమ్మాయి తెచ్చిన పాలు అందరి ముందే నీలంగా మారాయి. ఆమె ఇంటికెళ్లి చెప్తే వాళ్లమ్మ పాలు పోసే ఆయన్ని మార్చేసింది. మాది పాడి ఉన్న ప్రాంతం, సగం మంది ఇళ్లల్లో ఆవులున్నాయి, కాబట్టి ఆ రోజు క్లాసులో అందరం మాట్లాడాం. సైన్స్ అంటే భయం పోయింది నాకు.

అదే కాలేజీలో ఇంకో కోర్సు, విలువల గురించి, సెమిస్టర్ అంతా క్లాసే జరగలేదు. పరీక్షకు వారం ముందు వాట్సాప్‌లో పీడీఎఫ్ వచ్చింది. బట్టీ పట్టి రాశాం, అందరం పాస్. అక్కా, కమిటీలో పిల్లల్ని కూడా కూర్చోబెట్టండి. రెండో ఏడు, మూడో ఏడు వాళ్లను అడిగితే ఏ కోర్సు నిజంగా జరిగిందో పది నిమిషాల్లో చెప్తారు.

గంటల లెక్చరర్:

అందరూ వర్క్‌లోడ్ అడగడం తప్పన్నట్టు రాస్తున్నారు, ఒక మాట చెప్పాలి. నేను గెస్ట్ లెక్చరర్‌ని, గంటకు ఇంతని ఇస్తారు. కోర్సు పోతే నా ఇల్లు గడవదు. కెమిస్ట్రీ వాళ్ల కోర్సు తీసేయకండి, తిరగరాయమనండి. పైన ఆ అమ్మాయి చెప్పిన పాల క్లాసు చెప్పిందీ సైన్స్ లెక్చరరే కదా. గంటలు మాకే ఉంచండి, కోర్సు పిల్లలకు పనికొచ్చేలా రాసుకోవడానికి మాకు కొంచెం టైమివ్వండి. సిలబస్ రాసే దగ్గర మమ్మల్ని ఎవరూ పిలవరు, సీనియర్లు రాసి మా చేతిలో పెడతారు.

తిరుపతి ఎకనామిక్స్:

అందరికీ చాలా థాంక్స్. గెస్ట్ లెక్చరర్ గారూ, మీరు చెప్పింది సబబు. తీసేయమని అడగను, తిరగరాయమంటాను, రాసేటప్పుడు క్లాసు చెప్పేవాళ్లే కూర్చోవాలని కూడా అంటాను.

మీ అందరి మాటలూ చదివాక ఫ్రేమ్‌వర్క్ మళ్లీ తీశాను. ఇంటర్‌లో చదివేసిన సబ్జెక్టునే మల్టీ డిసిప్లినరీ కింద మళ్లీ తీసుకోకూడదని అందులోనే ఉంది. ఆ లెక్కన క్వాంటమ్ నంబర్లు ఎవరి కోసం? ఎంపీసీ, బైపీసీ పిల్లలు ఇంటర్‌లోనే చదివేశారు, సీఈసీ పిల్లలకు అది అందదు. ఈ మాటే రాసి పట్టుకెళ్తాను. నమూనా పేపరు, చెప్పేవాళ్ల పేరు, ఇద్దరు విద్యార్థులు, ఇవి కూడా అడుగుతాను. విద్యార్థుల దగ్గర ఒప్పుకోరేమోనని టెన్షన్‌గా ఉంది.

చిత్తూరు రిటైర్డ్ మాస్టారు:

ఒప్పుకోకపోయినా అడిగినట్టు మినిట్స్‌లో, అంటే మీటింగ్‌లో ఏం జరిగిందో రాసే కాగితంలో, రాయించండమ్మా. నోటితో అన్నది మర్నాటికి ఎవరికీ గుర్తుండదు. అకడమిక్ కౌన్సిల్‌కు వెళ్లేది మినిట్స్ కాగితమే, బయటి నుంచి వచ్చే మెంబర్లు చదివేదీ అదే. సంతకం పెట్టే ముందు ఆ పేజీ ఉందో లేదో చూసుకోండి.