జీలకర్ర బెల్లం: ముహూర్తం దానికా, తాళికా?

ప్రశ్న (పెళ్లిపనులు)
శుభలేఖలో సుముహూర్తం రాత్రి 9:42 అని వేయించాం. ఆ నిమిషానికి జరగాల్సింది జీలకర్ర బెల్లమా, మూడు ముళ్లా? ఇంట్లో తలా ఒక మాట అంటున్నారు. అసలు ఇది శాస్త్రంలో ఉందా? ముద్ద ఎలా నూరాలో కూడా చెప్పండి.

పాతపంచాంగం
జీలకర్ర బెల్లానికేనండీ. ఆ ఘడియకు పురోహితుడు పెట్టిస్తారు, అడ్డుతెర దించుతారు, వధూవరులు ఒకరినొకరు చూసుకుంటారు. మంగళసూత్రధారణ ఆ తర్వాతే. తాళి నాలుగు నిమిషాలు అటూ ఇటూ అయిందని కంగారు పడకండి.

పెళ్లి లాంటి ఇంటి సంస్కారాల విధులు చెప్పే పాత గ్రంథాలైన గృహ్యసూత్రాల్లో జీలకర్ర బెల్లం లేదు, తాళీ లేదు. 'మాంగల్యం తంతునానేన' వేదమంత్రం కాదు, శ్లోకం. సూత్రాల్లో ఉన్నవి ఆ చూపు, పాణిగ్రహణం, సన్నికల్లు తొక్కడం, లాజహోమం, సప్తపది. చూపుకి చదివే 'అఘోరచక్షుః' ఋగ్వేదం 10వ మండలం 85వ సూక్తంలోది. చల్లని చూపు కలదానివై, భర్తకు కీడు చేయనిదానివై ఉండమని దాని భావం.

సూత్రంలో లేదు కాబట్టి తీసిపారేయవచ్చా అంటే, కూడదు. తెలుగునాట చాలామంది అనుసరించే గృహ్యసూత్రం రాసిన ఆపస్తంబుడే, పెళ్లిలో మిగతా ఆచారాలు ఆడవాళ్లనడిగి తెలుసుకోమన్నాడు. నాకు ఆ సూత్రమంటే ఎంతో గౌరవం.

రోలూరోకలి
ఇద్దరికీ కలిపి జీలకర్ర 50 గ్రాములు, బెల్లం 50 గ్రాములు చాలు. చెరి ఒక చిన్న నిమ్మకాయంత ముద్ద వస్తుంది. జీలకర్ర చెరిగి, రోట్లో బరకగా దంచి, మెత్తని బెల్లం తరుగు వేసి నూరండి. నీళ్లు చుక్క కూడా వద్దు. పలచబడితే మంటపం వేడికి కరిగి నుదుటి మీదికి, బాసికం మీదికి కారుతుంది. మరీ ముందే నూరితే ఎండి పొడిపొడిగా రాలుతుంది. ముహూర్తానికి గంట ముందు నూరి, తమలపాకు కప్పి ఉంచండి.

ఎక్కువగా చెడేది జడ దగ్గర. ముద్ద పడాల్సింది నడినెత్తిన, బ్రహ్మరంధ్రం మీద. అక్కడే పఫ్ లేపి, పిన్నులు గుచ్చి, స్ప్రే కొడితే ముద్ద నిలవదు, జారి చెవి పక్కకు వస్తుంది. నడినెత్తిన రెండంగుళాలు చదునుగా వదలమని బ్యూటీషియన్‌కి ముందే చెప్పండి. తెర పట్టుకునేవాళ్లకు కూడా, వధూవరుల చేతులు పైనుంచి అవతలికి అందేంత ఎత్తులోనే పట్టమనండి.

పెళ్లిపనులు
ఆ ముద్దతో ఇద్దరి మధ్యా విద్యుత్తు ప్రవహిస్తుందని వాట్సాప్‌లో వచ్చింది. నిజమేనా?

పాతపంచాంగం
దానికి ఆధారం లేదండీ. పెద్దలు చెప్పే అర్థం వేరు: నూరి కలిపాక జీలకర్రనూ బెల్లాన్నీ మళ్లీ విడదీయలేం.

రోలూరోకలి
మర్చిపోయాను: తర్వాత పొడి జుట్టు దువ్వకండి, తెగుతుంది. గోరువెచ్చని నీళ్లు పోస్తే బెల్లం కరిగిపోతుంది, జీలకర్ర దానంతటదే జారుతుంది. అలాగే పడుకుంటే దిండుకు చీమలు పడతాయి.