డబ్బాని జర్మన్‌లో ఏమంటారు?

అక్కా, నమస్తే. జర్మనీలోని మాగ్డెబుర్గ్ వచ్చి మూడు వారాలైంది. షాపులో పెరుగు డబ్బా, టమాటా డబ్బా, అగ్గిపెట్టె, అన్నిటికీ బాక్స్ అంటే సరిపోతుందా? ఏ1 (జర్మన్ భాషలో మొదటి మెట్టు) పరీక్ష దగ్గర పడింది, ఈ మాటలతోనే టెన్షన్‌గా ఉంది.

—

తమ్ముడూ, బాక్స్ అనకు. జర్మన్‌లో ఆ మాట ఉంది గానీ, సామాన్లు సర్దుకునే పెట్టెకి, పాటలు వినే స్పీకర్‌కి వాడతారు. మనకి డబ్బా అంటే రేకుదైనా ప్లాస్టిక్‌దైనా ఒకటే. వీళ్ళకి అలా కాదు.

పెరుగు, క్రీమ్ వచ్చే ప్లాస్టిక్ కప్పు బెషర్. టమాటాలు, కాబూలీ శనగలు వచ్చే రేకు డబ్బా డోజె. మందు డోసుని మాత్రం డోజిస్ అంటారు, రెండూ కలిపెయ్యకు. జామ్, ఊరబెట్టిన దోసకాయలు వచ్చే సీసా గ్లాస్. నీళ్ళు తాగే గ్లాసూ అదే మాట. మూతి సన్నగా ఉంటే ఫ్లాషె. అగ్గిపెట్టె షాఖ్టెల్. చిప్స్ ప్యాకెట్ ట్యూటె.

ప్యాకెట్ అనే మాట దగ్గరే మనం ఎక్కువ తప్పు చేస్తాం. వచ్చిన కొత్తలో ఒక షాపులో బేకింగ్ పౌడర్ పేరు గుర్తురాక ‘ఐన్ పకేట్, బిట్టె’ (ఒక ప్యాకెట్ ఇవ్వండి) అని చేత్తో చూపించాను. ఆవిడ నన్ను నేరుగా పార్సిళ్ళ కౌంటర్‌కి పంపింది. క్యూలో నా వంతు వచ్చేదాకా నాకు అర్థం కాలేదు, ఏడుపొచ్చినంత పనైంది. పకేట్ అనగానే వాళ్ళకి మొదట తట్టేది పార్సిలే. బట్టల సబ్బుపొడి లాంటి పెద్ద ప్యాకెట్‌కీ అంటారు. చిన్న పొట్లం మాత్రం పెక్‌షెన్. కేకు వంటకాల్లో అదే కొలత కూడా: 500 గ్రాముల పిండికి ఒక పెక్‌షెన్ బేకింగ్ పౌడర్. మందుల షాపులో మాత్రల పెట్టెని పాకుంగ్ అంటారు.

ఒక సంగతి మనకి తేలిక. ‘డబ్బా పెరుగు’, ‘కిలో బియ్యం’ అన్నట్టే వీళ్ళూ పక్కపక్కన పెట్టేస్తారు: ఐన్ బెషర్ యోగుర్ట్. మధ్యలో ‘ఫాన్’ (ఇంగ్లీషు ‘ఆఫ్’ లాంటి మాట) పెట్టకు. రెండైతే త్స్వై డోజెన్, త్స్వై ఫ్లాషెన్. బెషర్ మాత్రం రెండైనా బెషరే. విడివిడిగా కాకుండా సరుకుతో కలిపి నోటికి పట్టించుకో.

చెత్త దగ్గరా ఇదే తేడా. పెరుగు బెషర్ మీది రేకు మూతని పూర్తిగా పీకి, రెండూ విడివిడిగా ప్యాకింగ్ చెత్త వేసే పసుపు సంచిలో (లేదా పసుపు డబ్బాలో) వెయ్యి. పాల అట్టపెట్టె కూడా అందులోకే, పాత కాగితాల్లోకి కాదు. జామ్ గ్లాస్‌ని వీధిలోని గాజు డబ్బాలో వెయ్యాలి, ఆదివారం మాత్రం వద్దు, చప్పుడుకి ఊరుకోరు.

కొనేటప్పుడు డిపాజిట్ కట్టి, ఖాళీవి తిరిగిస్తే డబ్బులు తిరిగొచ్చేవి వేరే ఉంచు. ఒకసారి వాడి పడేసే ప్లాస్టిక్ సీసాకి, కూల్‌డ్రింక్ డోజెకి 25 సెంట్లు. తిరిగి నింపే పెరుగు గ్లాస్‌కి 15. మామూలు బీరు సీసాకి 8, సీసాలుండే గళ్ళ పెట్టె కాస్టెన్‌కి 1.50 యూరోలు. 20 సీసాలతో కాస్టెన్ తిరిగిస్తే 3.10 యూరోలు చేతికొస్తాయి. చదువుకునే పిల్లాడికి అది చిన్న డబ్బేం కాదు, పారేసుకోకు.

—

చాలా థాంక్స్ అక్కా. ఇందాకే షాపుకెళ్ళి ‘ఇష్ హెట్టె గెర్న్ ఐన్ బెషర్ యోగుర్ట్’ (నాకో డబ్బా పెరుగు కావాలి) అన్నాను, వెంటనే ఇచ్చారు!

—

భలే తమ్ముడూ! పరీక్షలో మాత్రం ‘ఐనెన్ బెషర్’ అని రాయి. బెషర్ పుంలింగం కదా, కావాలని అడిగేటప్పుడు ఐన్ కాస్తా ఐనెన్ అవుతుంది. డోజెకి ఐనె, గ్లాస్‌కి ఐన్.