మళ్ళీ కోవిడ్ లాంటిది వస్తే, శవ వాహనం నడిపేవాళ్ళం ఏం చేయాలి?

బరంపురం బాబి:
మా వీధి కుర్రాళ్ళం కొందరం చందాలేసుకుని ఒక ఫ్రీజర్ బాక్స్ కొన్నాం, పాత వ్యాన్ ఒకటి శవ వాహనంగా మార్పిస్తున్నాం. ఇక్కడ ఒడిశాలో ఉన్న మన తెలుగువాళ్ళకే కాదు, ఎవరడిగినా పంపాలని. 2021లో ఎలా ఉండేదో ఇక్కడ అందరికీ గుర్తే, వ్యాన్ వాళ్ళు ఎంతంటే అంత ఇచ్చుకోవడం, కొడుకు శ్మశానం గేటు బయటే ఉండిపోవడం. మళ్ళీ అలాంటిదొస్తే మేం చేతులెత్తేయకూడదు. గ్లౌజులు, కిట్లు ఎలాగూ కొంటాం. ఆ ఇంటివాళ్ళకి మా నుంచి ఏం కావాలో చెప్పండి.

ఛత్రపురం శ్రీను:
కడసారి చూపు. మిగతావన్నీ దాని తర్వాతే. 2020 మార్చిలో కేంద్ర ఆరోగ్య శాఖ ఇచ్చిన మార్గదర్శకాల్లోనే ఉంది, సిబ్బంది జాగ్రత్తలు తీసుకుని శవాన్ని ఉంచిన సంచి జిప్పు ముఖం దాకా తీసి చూపించొచ్చు, మంత్రాలు చదవొచ్చు, తీర్థం చల్లొచ్చు, శవాన్ని ముట్టుకోనంత వరకు కర్మ చేసుకోవచ్చు. స్నానం చేయించడం, మీద పడి ఏడవడం మాత్రం కూడదు. బూడిదతో ప్రమాదం లేదు, అస్థికలు తీసుకెళ్ళొచ్చు అని కూడా రాశారు. కానీ చాలా చోట్ల ఈ ముక్క సిబ్బందికి ఎవరూ చెప్పలేదు, తెలిసినవాళ్ళకీ భయమే. మా పెదనాన్న పోయినప్పుడు వ్యాన్ తోలినతను మా పెద్దమ్మ దూరం నుంచి చాచిన తులసి కొమ్మ గ్లౌజు చేత్తో అందుకుని సంచి మీద, సరిగ్గా గుండె దగ్గర పెట్టి, ఆవిడ చాలు అనేదాకా పక్కకి తప్పుకుని నిలబడ్డాడు. ఆయన పేరు మాకెవరికీ తెలీదు, పెద్దమ్మ మాత్రం ఇప్పటికీ తలుచుకుంటుంది.

రాయగడ అక్క:
శ్రీను చెప్పింది కోవిడ్‌కి సరే. అన్ని రోగాలూ ఒకటి కాదు తమ్ముడూ. మా జిల్లా కాశీపూర్ వైపు 2022లో కలరా వచ్చింది. కలరాలో గాలితో భయం లేదు, శవానికి స్నానం చేయించిన చేతులతోనే వంట చేయడం, ఊరంతా కూర్చుని తినడం, అక్కడే అంటుకుంటుంది. ఎబోలా అయితే శవమే పెద్ద ప్రమాదం. అందుకని ముందే ఒక రూలు రాసి పెట్టుకోకు, ఏ రోగం వచ్చిందో చూసి జిల్లా ఆరోగ్య అధికారినే అడుగు. ఇంకోటి, అలాంటప్పుడు ఫ్రీజర్ బాక్స్ ఇంటింటికీ తిప్పకు. బంధువులు వచ్చేదాకా ఉంచుదాం అంటారు, జనం పోగవుతారు.

ఇచ్ఛాపురం రావు:
కాగితాల పని కూడా మీరే చూడండి బాబూ, ఏడుస్తున్న మనిషికి అది గుర్తుండదు. మరణం 21 రోజుల్లో నమోదు చేయించాలి. మన ఇళ్ళల్లో ఇంకో తలనొప్పి ఉంది, ఒడిశా కాగితాల్లో ఇంటిపేరు చివర, ఆంధ్రాలో ముందు, తర్వాత ఇటు ఆంధ్రా వైపు పొలం పేరు మార్చుకోవాలంటే రెండు పేర్లూ ఒకరివేనని రుజువు చేసుకోవాలి. ఆధార్ ముందు పెట్టుకుని రాయించండి. కోవిడ్ మరణాలకి సుప్రీంకోర్టు ఆదేశం తర్వాత 50,000 రూపాయలు ఇచ్చారు కదా, కారణం సరిగ్గా రాసిన కాగితం లేక ఎంతమంది తిరిగారో. పేదవాళ్ళయితే దహనానికి ఒడిశా ప్రభుత్వ హరిశ్చంద్ర సహాయత యోజన కింద పల్లెల్లో 2,000, పట్టణాల్లో 3,000 అని నిర్ణయించారు, అడిగితేనే వస్తుంది.

బరంపురం బాబి:
థాంక్స్ అందరికీ. డబ్బు సంగతి ఎవరూ చెప్పలేదు, అసలు తీసుకోవాలా వద్దా?

ఛత్రపురం శ్రీను:
తీసుకో, డీజిల్ ఊరికే రాదుగా. కిలోమీటరుకి ఎంతో వ్యాన్ తలుపు మీద తెలుగులో, ఒడియాలో పెద్దగా రాయించు, గోపాల్‌పూర్ సముద్రంలో అస్థికలు కలపడానికి వెళ్ళినా అదే రేటు. డ్రైవర్ చేతికి ఎవరూ విడిగా ఇవ్వొద్దని కూడా కింద రాయించు.