పేరు తెలిసిన సోవియట్ పతకాన్ని అమ్మవచ్చా?

ఎర్రనక్షత్రం:
సోవియట్ పతకాలను సేకరించే తెలుగువారు కొద్దిమందే అయినా, మన మధ్య ఏళ్ళ తరబడి తెగని ప్రశ్న ఒకటి ఉంది. ‘ఆర్డర్’ అనే పెద్ద పురస్కారం వెనుక ఉన్న నంబరును పట్టుకొని రష్యా దస్త్రాల్లో వెతికి, దాన్ని అందుకున్న మనిషి ఎవరో తెలుసుకున్న తరువాత, ఆ పేరుతో పాటు పెరిగిన ధరకు దాన్ని అమ్ముకోవడం న్యాయమేనా? ఐరోపాలోని ఒక సేకర్త దగ్గర నేను కొన్న రెడ్ స్టార్ ఆర్డర్ ఒక సాపర్ (మందుపాతరలు తొలగించే సైనికుడు) సార్జెంటుదని ఈ మధ్యనే తేలింది. అంతవరకు దాని వెండినీ, ఎనామెల్‌నూ, నంబరు చెక్కిన తీరునూ చూసి మురిసిపోయేవాణ్ణి. ఇప్పుడు మంచి ధర ఇస్తామని ఇద్దరు ముగ్గురు అడుగుతుంటే ఒప్పుకోవడానికి మనసు రావడం లేదు. మీరు ఏమంటారు?

వోల్గాతీరం:
అమ్మకూడదు. రష్యా శిక్షాస్మృతిలోని 324వ నిబంధన సోవియట్ ప్రభుత్వ పురస్కారాల క్రయవిక్రయాలను ఇప్పటికీ నేరంగానే పరిగణిస్తుంది. మనం ఆ దేశంలో లేము కనుక ఆ చట్టం మనకు వర్తించదని చెప్పి తప్పించుకోవచ్చు గాని, ఆ చట్టం వెనుక ఉన్న బాధ నుండి తప్పించుకోలేము. 1983 జూలైలో మాస్కోలో విశ్రాంత వైస్ అడ్మిరల్ ఖొలొస్త్యకోవ్‌ను, ఆయన భార్యను వారి ఇంట్లోనే చంపింది కేవలం ఆయన పతకాల కోసం. పాత్రికేయుల వేషంలో ఇంట్లోకి వచ్చిన దంపతులు ఆ పని చేశారు. కొనేవాడు ఉన్నందువల్లే ఆ హత్య జరిగింది. తరువాత 1992లో ఒక్క ఏడాదిలోనే రష్యాలో ధరలు ఇరవై అయిదు రెట్లకు పైగా పెరిగి, వృద్ధుల పొదుపు మొత్తాలు ఆవిరైపోయినప్పుడు, యుద్ధంలో పోరాడినవారే తమ ఛాతీ మీది ఆర్డర్లను వీధిలో అమ్ముకోవలసి వచ్చింది. ఈనాడు మన అల్మారాల్లో మెరుస్తున్న వాటిలో ఎన్ని అటువంటి ఇళ్ళ నుండి వచ్చాయో ఆలోచించండి.

గోదావరి నాణేలు:
వోల్గాతీరం గారి బాధ నిజమైనదే, కాని అందులో నుండి తీసిన ముగింపుతో ఏకీభవించలేను. ఆకలితో అమ్మినవారికి ఆ రోజు డబ్బు ఇచ్చినవాడు సేకర్తే. ఇక కుటుంబపు హక్కు అంటారా, సోవియట్ చట్టమే చాలాకాలం ఆ హక్కును గుర్తించలేదు. గ్రహీత మరణించాక ఆర్డర్లను ప్రభుత్వానికి తిరిగి అప్పగించాలన్నది నియమం. 1942లో స్థాపించిన దేశభక్తి యుద్ధ ఆర్డర్ ఒక్కటే జ్ఞాపకంగా కుటుంబం దగ్గర మిగిలేది, మిగతావాటికి ఆ వెసులుబాటు 1977లో గాని రాలేదు. పైగా రెడ్ స్టార్ ఆర్డర్‌ను 38 లక్షల సార్లకు పైగా ప్రదానం చేశారు. వాటన్నిటినీ ఏ కుటుంబం, ఏ మ్యూజియం కాపాడగలదు? విలువ ఉన్న వస్తువునే మనుషులు దాచుకుంటారు. ధర లేకపోతే అవి ఈపాటికి పాత వెండిగా కరిగిపోయేవి.

దస్త్రాల మనిషి:
ఇద్దరూ పతకం ఎవరి చేతిలో ఉండాలన్న దాని గురించే వాదిస్తున్నారు. పతకానికీ దాని చరిత్రకూ మధ్య ఉన్న ముడి తెగకుండా ఉండటమే అంతకంటె ముఖ్యమని నా గట్టి నమ్మకం, ఎందుకంటే సోవియట్ ఆర్డర్ తనంతట తాను ఏమీ చెప్పదు.

రెడ్ స్టార్‌నే తీసుకోండి. 1944 జూన్‌లో వచ్చిన ఉత్తర్వు ప్రకారం సైన్యంలో 15 ఏళ్ళ సర్వీసు పూర్తి చేసినవారికి రెడ్ స్టార్, 20 ఏళ్ళకు రెడ్ బ్యానర్, 25 ఏళ్ళకు ఏకంగా దేశపు అత్యున్నత పురస్కారమైన లెనిన్ ఆర్డర్ ఇచ్చేవారు, ఈ పద్ధతి 1957 వరకు సాగింది. శత్రువు కాల్పుల మధ్య మందుపాతరలు తొలగించిన సార్జెంటు నక్షత్రమూ, ఏదో కార్యాలయంలో 15 ఏళ్ళు పని చేసిన అధికారి నక్షత్రమూ చేతిలోకి తీసుకుంటే ఒకేలా ఉంటాయి. తేడా చెప్పేవి కాగితాలే. ప్రశంసా నివేదికలో రెజిమెంటు కమాండరు ఆ మనిషి చేసిన పనిని కొన్ని వాక్యాల్లో రాసి ఫలానా ఆర్డర్‌కు అర్హుడని సిఫారసు చేస్తే, పై అధికారులు చాలాసార్లు ఒక మెట్టు తగ్గించేవారు. రెడ్ బ్యానర్‌కు సిఫారసు చేసిన వ్యక్తికి చివరికి రెడ్ స్టార్ దక్కిన నివేదికలు ఎన్నో కనిపిస్తాయి. ఆ నివేదిక పతకం ఇవ్వడానికి ముందే రాసింది కనుక అందులో నంబరు ఉండదు. నంబరును మనిషితో కలిపేవి పురస్కారంతో పాటు ఆయనకిచ్చిన ఆర్డర్ పుస్తకమూ, అధికారుల దగ్గర మిగిలిన నమోదు కార్డూ మాత్రమే. అందుకే 2010లో మొదలైన ‘పోద్విగ్ నరోదా’ వెబ్‌సైట్‌లో లక్షలాది నివేదికలు ఉచితంగా చదవగలిగినా, చేతిలో ఉన్న పతకం ఎవరిదో తేల్చడానికి పొదోల్స్క్‌లోని రక్షణ శాఖ కేంద్ర దస్త్రాలయం వంటి చోట్ల కార్డు కోసం వెతకక తప్పదు.

కాగితాలు ఎప్పుడూ వీరగాథలే చెప్పవు. 1944 ఫిబ్రవరిలో చెచెన్, ఇంగూష్ ప్రజలను మొత్తంగా ఇళ్ళ నుండి పెకలించి మధ్య ఆసియాకు తరలించిన తరువాత, మార్చి 8న ఆ పనిని నడిపించిన భద్రతా దళాల అధికారులకు ఆర్డర్లు పంచారు. యుద్ధరంగంలో సేనలను నడిపిన సేనానుల కోసం ఏర్పాటు చేసిన సువోరొవ్, కుతూజొవ్ ఆర్డర్లు కూడా వాటిలో ఉన్నాయి, ఆ భద్రతా దళాల అధిపతి బెరియాకు ప్రథమ శ్రేణి సువోరొవ్ దక్కింది. 1962లో ఆ తరలింపుకు ఇచ్చిన సైనిక ఆర్డర్ల ప్రదానాన్ని రద్దు చేశారు. పేరు లేకుండా చూస్తే అవి కూడా స్టాలిన్‌గ్రాడ్‌లో పోరాడినవారి ఆర్డర్ల వలె గౌరవంగానే మెరుస్తాయి. పేరు తెలుసుకోవడం వల్ల పతకం పవిత్రమవుతుందని అనుకోవడం పొరపాటు. అది నిజమవుతుంది, అంతే.

కనుక నా దృష్టిలో అమ్మడం తప్పు కాదు, విడదీయడం తప్పు. ఒకే మనిషికి చెందిన నాలుగు పతకాలను విడివిడిగా అమ్మితే ఎక్కువ వస్తుందని చీల్చేవారు, ఆర్డర్ పుస్తకాన్ని ఒకరికి, ఆర్డర్‌ను మరొకరికి ఇచ్చేవారు, పరిశోధన ఫలితాన్ని బయటపెట్టకుండా దాచి అమ్మకానికి మాత్రమే వాడుకునేవారు చేస్తున్నది ఒక మనిషి జీవితాన్ని ముక్కలు చేయడం. నకిలీ చేసేవారికి కూడా దారి ఇస్తున్నది వీరే. మంచి కాగితం ఒంటరిగా దొరికితే, పాత నంబరును అరగదీసి ఆ కాగితంలోని నంబరును చెక్కడం ఈ వ్యాపారంలో అందరికీ తెలిసిన మోసం.

వోల్గాతీరం:
విడదీయకూడదన్న మాటకు నమస్కారం. కాని ఒక సంగతి గుర్తుచేయనివ్వండి. 1944లో ఇరాన్ మీదుగా సోవియట్ దళాలకు సరఫరాలు చేరవేసినందుకు మన రాయల్ ఇండియన్ ఆర్మీ సర్వీస్ కోర్‌కు చెందిన సుబేదార్ నారాయణరావు నిక్కం, హవల్దార్ గజేంద్ర సింగ్ చంద్ రెడ్ స్టార్ ఆర్డర్ అందుకున్నారు. రేపు వాటిలో ఒకటి లండన్‌లో వేలానికి వస్తే ‘కాగితాలు కలిసే ఉన్నాయి కదా, ఎవరు కొంటే ఏమి’ అని మనలో ఎవరైనా అనగలరా? ఆ సార్జెంటు ఊరివారికి కూడా మనకున్నంత మమకారమే ఉంటుంది, కనుక దాన్ని ఆయన జిల్లా మ్యూజియానికి పంపడమే మేలు.

గోదావరి నాణేలు:
ఈ ఉదాహరణకు నా దగ్గర సమాధానం లేదు, నేనైనా అది ఇండియాకు రావాలనే కోరుకుంటాను. అయినా ఊరి మ్యూజియానికి ఇస్తే నేరుగా గిడ్డంగిలోకి పోతుందేమోనన్న నా అనుమానం పోలేదు. పతకాన్ని రోజూ చూసుకుంటూ, దాని గురించి చదివి రాసే సేకర్త దగ్గర ఉండటమే దానికి మేలని ఇప్పటికీ అంటాను.

దస్త్రాల మనిషి:
ఎర్రనక్షత్రం గారూ, అమ్మినా, ఉంచుకున్నా, పంపినా ముందు ఒక పని చేయండి. వెనుకవైపు నంబరు స్పష్టంగా కనిపించే ఫొటోతో పాటు నమోదు కార్డులోని ప్రతి గడినీ, ముఖ్యంగా ఆయనకు వచ్చిన ఇతర పురస్కారాల నంబర్లను, ఇక్కడ అందరికీ కనిపించేలా పెట్టండి. ప్రశంసా నివేదికను తెలుగు చేసి పెడితే మరీ మంచిది.

ఎర్రనక్షత్రం:
అమ్మకూడదని నిశ్చయించుకున్నాను. వోల్గాతీరం గారు చెప్పినట్లు ఆ జిల్లా మ్యూజియానికి ఉత్తరం రాస్తాను, వారి నుండి జవాబు వచ్చే వరకు అది నా దగ్గరే ఉంటుంది. నివేదిక అనువాదం ఈ వారంలో పెడతాను. కార్డును మళ్ళీ చదివితే, ఆ సార్జెంటుకు అంతకుముందే ‘ధైర్యానికి’ పతకం వచ్చినట్లు, దానికీ నంబరు ఉన్నట్లు కనిపించింది. యుద్ధకాలంలో ఆ పతకానికి కూడా నంబరు వేసేవారు కనుక అది ఎక్కడున్నా గుర్తుపట్టవచ్చు. రెండు నంబర్ల ఫొటోలూ కింద జతచేస్తున్నాను, మీ సేకరణల్లోనూ, మీకు తెలిసిన వేలం జాబితాల్లోనూ దయచేసి ఒకసారి వెతకండి.