స్కైరిమ్ ఇప్పుడు మొదలుపెట్టొచ్చా? ఫైట్ తేలిపోతుందంటున్నారు, నిజమెంత?

సాయంత్రపు_ఆట:
అందరికీ నమస్తే. విచర్ 3 రెండు డీఎల్‌సీలతో (అదనపు కథలతో) సహా పూర్తయింది. తర్వాత స్కైరిమ్ స్పెషల్ ఎడిషన్ మొదలుపెడదామని ఉంది. ఒకరేమో ఇంత స్వేచ్ఛ ఇచ్చే ఆట ఇంకోటి లేదంటారు. ఇంకొకరు కత్తి తిప్పుతుంటే నీళ్లలో తిప్పినట్టుంటుంది, కథలో పస లేదంటారు. ఎవరి మాట నమ్మాలో తెలియట్లేదు.

ల్యాప్‌టాప్‌లో 8 జీబీ ర్యామ్, జీటీఎక్స్ 1650, ఎస్‌ఎస్‌డీ ఉన్నాయి. స్క్రీన్ 144 హెర్ట్జ్. మంత్రగాడిగా ఆడాలని కోరిక, అది చివరిదాకా నిలబడుతుందా? మన లెవెల్‌తో పాటు శత్రువుల లెవెల్ కూడా పెరుగుతుందట, దాని లెక్క ఏంటి? మోడ్స్ (ఆటగాళ్లు తయారుచేసిన మార్పులు) మొదటి నుంచే వేసుకోవాలా? కథ మాత్రం చెప్పేయకండి, ప్లీజ్.

కొండదారి:
రెండు మాటలూ నిజమే తమ్ముడూ. విచర్ 3లో నడిపించేది కథ, స్కైరిమ్‌లో నడిపించేది నేల. విచర్‌లా ఒక నిర్ణయం పదిగంటల తర్వాత వచ్చి గుండెల్లో గుచ్చుతుందని ఎదురుచూస్తే నిరాశే మిగులుతుంది. అంతర్యుద్ధంలో ఏ పక్షం చేరినా చేసే పని దాదాపు ఒకటే: కోట పట్టు, ఇంకో కోట పట్టు. మంత్రవిద్య నేర్పే వింటర్‌హోల్డ్ కాలేజీలో చేరడానికి గేటు దగ్గర ఒక్క మంత్రం చూపిస్తే చాలు. అక్కడి నుంచి ఆర్చ్‌మేజ్ (కాలేజీ పెద్ద) అయ్యేదాకా మంత్రవిద్యలో నీ పట్టు ఎంతో గట్టిగా అడిగేవాళ్లు ఉండరు. ఇది పెద్ద లోపం. 2011లోనూ లోపమే, ఇప్పుడూ లోపమే.

బలం ఎక్కడుందో మొదటి గంటలోనే తెలుస్తుంది. రివర్‌వుడ్ ఊళ్లో నిలబడి తలెత్తితే కొండమీద బ్లీక్ ఫాల్స్ బారో అనే పాత సమాధి రాతి కమానులు కనిపిస్తాయి. అది వెనక అతికించిన బొమ్మ కాదు. మంచులో నడుచుకుంటూ అక్కడికి చేరొచ్చు. లోపల ఒక గుండ్రటి తలుపు ఉంటుంది, మూడు రాతి చక్రాలు, ఒక్కో చక్రం మీద జంతువుల బొమ్మలు. జవాబు ఏ పుస్తకంలోనో ఉంటుందని వెతుకుతారు. నిజానికి అది నీ మూటలోనే ఉంటుంది. ఇన్వెంటరీ తెరిచి, బంగారు గోరుపంజాను దగ్గరికి తెచ్చుకుని, అరచేతి వైపు తిప్పి చూడు. మూడు చెక్కడాలు కనిపిస్తాయి. వస్తువును చేతిలో తిప్పి చూడమని ఆట నోరు విప్పి చెప్పదు, నువ్వే పట్టుకోవాలి. ఆ క్షణంలో ఆట మీద గౌరవం పెరుగుతుంది. ఇంకా చాలా సమాధుల్లో ఇదే తాళం ఇలాగే తెరుచుకోవడం మాత్రం బద్ధకం. దాన్నీ ఒప్పుకోవాలి.

ఇంకోటి. డాన్‌స్టార్, వింటర్‌హోల్డ్ మధ్య ఉత్తర తీరంలో ఫ్రాస్ట్‌ఫ్లో లైట్‌హౌస్ అని ఉంది. అక్కడికి ఎవరూ పంపరు. దారిలో తగిలితే లోపలికి వెళ్లి, అక్కడ పడి ఉన్న కాగితాలు ఒక్కటీ వదలకుండా చదువు. అంతకంటే చెప్పను. మెయిన్ కథలో దొరకని పస అలాంటి చోట్ల ఉంది.

అందుకే ఫాస్ట్ ట్రావెల్ (మ్యాప్‌లో నొక్కి నేరుగా చేరడం) మొదట్లో ముట్టుకోవద్దు. ఐదు పెద్ద నగరాల గుర్రపుశాలల దగ్గర బండి దొరుకుతుంది. పెద్ద నగరానికి 20 బంగారు నాణేలు, చిన్న పట్టణానికి 50. బండి దిగి మిగతా దారి నడిస్తేనే ఈ ఆట నీదవుతుంది. అయితే క్వెస్ట్ మార్కర్ (వెళ్లాల్సిన చోటు చూపే గుర్తు) కూడా ఆపేయాలనుకుంటే కష్టం. ఇదే సిరీస్‌లోని 2002 నాటి మారోవిండ్‌లో వంతెన దాటి ఎడమకు తిరుగు అని మనుషులే దారి చెప్పేవాళ్లు. ఇక్కడ జర్నల్‌లో చాలాసార్లు చోటు పేరు తప్ప దారి వివరం ఉండదు.

ఒక సలహా: బారోలో దొరికే రాతిపలకను వైట్‌రన్ కోటలోని మంత్రగాడు ఫరెంగర్‌కు వెంటనే ఇవ్వకు. అది ఇచ్చాక నడిచే క్వెస్ట్ తర్వాతే దారుల్లో డ్రాగన్లు ఊడిపడతాయి. ముందు పదిహేను గంటలు తీరిగ్గా దేశం చూడొచ్చు.

నిప్పుకణిక:
మంత్రగాడి సంగతి నేను చెప్తా, లెక్క తెలియకపోతే మధ్యలో వదిలేస్తారు కాబట్టి.

అసలు తిరకాసు ఇది: డిస్ట్రక్షన్ (దాడి మంత్రాల) స్కిల్ 20 నుంచి 100కి చేరినా మంత్రం దెబ్బ పెరగదు, ఖర్చు మాత్రమే తగ్గుతుంది. ఫైర్‌బోల్ట్ దెబ్బ 25, ఫైర్‌బాల్ 40, ఇన్సినరేట్ 60. ఆగ్‌మెంటెడ్ ఫ్లేమ్స్ రెండు పర్కులూ (లెవెల్ పెరిగినప్పుడు ఎంచుకునే అదనపు శక్తులు) తీసుకుంటే 50 శాతం కలుస్తుంది, అంటే ఇన్సినరేట్ 90 దగ్గర ఆగిపోతుంది. కత్తివాడికి స్కిల్ పెరిగితే దెబ్బ పెరుగుతుంది, కొలిమి దగ్గర పదును పెడితే పెరుగుతుంది, మంత్రం ఎక్కిస్తే పెరుగుతుంది. ఎదుటివాడి ప్రాణం మాత్రం ఇద్దరికీ ఒకేలా పెరుగుతూ పోతుంది. 30వ లెవెల్ దాటాక మంత్రగాడు చప్పబడేది ఇందుకే. పైగా ఫైట్ నడుస్తున్నంతసేపూ మ్యాజికా (మంత్రాలకు ఖర్చయ్యే శక్తి) నిండే వేగం మూడో వంతుకు పడిపోతుంది.

మోడ్ లేకుండానే దీన్ని ఈదొచ్చు. బ్రెటన్ జాతి తీసుకో. పుట్టుకతోనే 25 శాతం మంత్ర నిరోధం ఉంటుంది, తోడేలును పిలిచే మంత్రం కూడా చేతిలో ఉంటుంది. నిప్పు వైపే పర్కులు పెట్టు, మంచు వద్దు. సమాధుల్లో ఎక్కువగా ఎదురయ్యేది ద్రౌగర్ (నడిచే శవాలు), వాటికి మంచు దెబ్బ సగమే తగులుతుంది. కవచం తొడగకుండా ఆల్టరేషన్‌లో ఓక్‌ఫ్లెష్ (ఒంటిని గట్టిపరిచే మంత్రం), దాంతో మేజ్ ఆర్మర్ పర్క్ వాడు. డిస్ట్రక్షన్ 40కి చేరగానే ఇంపాక్ట్ పర్క్ తీసుకో. రెండు చేతులతో ఒకే మంత్రం కలిపి విసిరితే ఎదుటివాడు తూలిపోతాడు. మంత్రగాడి ప్రాణం నిలబెట్టేది ఈ ఒక్క పర్కే. దెబ్బ నిజంగా పెరగాలంటే ఆల్కెమీలో ఫార్టిఫై డిస్ట్రక్షన్ మందు కాచుకోవాలి, అది 60 సెకన్ల పాటు మంత్రం బలాన్ని శాతాల్లో పెంచుతుంది.

ఎన్‌చాంటింగ్ (వస్తువులకు మంత్రం ఎక్కించే స్కిల్) 100కి చేర్చి, పర్కులన్నీ పెట్టి, గ్రాండ్ సోల్ వాడితే ఒక్కో వస్తువు మీద డిస్ట్రక్షన్ ఖర్చు 25 శాతం తగ్గించొచ్చు. తలకు, ఒంటికి, వేలికి, మెడకు నాలుగూ పెడితే ఖర్చు సున్నా. అప్పుడు ఆట గెలుస్తావు, ఆడటంలో మజా మాత్రం పోతుంది. మూడు వస్తువుల దగ్గర ఆగు.

ఇక లెవెల్ లెక్క. ఏ స్కిల్ పెరిగినా, కొత్తగా చేరిన అంకె ఎంతో అన్ని పాయింట్లు మన లెవెల్ ఖాతాలో పడతాయి. 30 నుంచి 31కి వెళ్తే 31 పాయింట్లు. పై లెవెల్‌కు కావలసింది 75, దానికి మన లెవెల్‌ను 25తో గుణించి కలపాలి. పదో లెవెల్‌లో ఉంటే 325. ఆ పాయింట్లు నిప్పుతో వచ్చాయా, బేరాలతో వచ్చాయా అన్నది ఆట చూడదు. తాళాలు తీసి, ఉంగరాలు చేసి, సంతలో అమ్మి 25వ లెవెల్‌కు చేరినవాడికి కూడా 25వ లెవెల్ శత్రువులే వస్తారు, చేతిలో మాత్రం మొదటి రోజు ఫైర్‌బోల్టే ఉంటుంది. ఆట అన్యాయంగా ఉందనే ఫిర్యాదుల్లో చాలావరకు మూలం ఇదే. కాబట్టి మొదటి 15 లెవెల్స్ దాకా స్మితింగ్ (కొలిమి పని), స్పీచ్ (బేరాలు) పక్కన పెట్టు. చాలా గుహలకు మొదటిసారి అడుగుపెట్టినప్పుడే లెవెల్ ఖాయమవుతుంది, తర్వాత మారదు. కష్టంగా ఉంటుందని విన్న చోటికి తక్కువ లెవెల్‌లో ఒకసారి తలదూర్చి వచ్చేస్తే తర్వాత పని తేలికవుతుంది. కాకపోతే కొన్ని చోట్లకు కనీస లెవెల్ ముందే కట్టి ఉంటుంది.

డిఫికల్టీ అడెప్ట్‌లో పెట్టు, మరీ అయితే ఎక్స్‌పర్ట్. లెజెండరీలో మన దెబ్బ నాలుగో వంతుకు పడిపోయి, తగిలే దెబ్బ మూడింతలవుతుంది. శత్రువుకు తెలివి ఇసుమంత కూడా పెరగదు. తలలో బాణం దిగినా కాసేపు వెతికి మళ్లీ కాపలాకు వెళ్లిపోయే బందిపోటే అక్కడా ఉంటాడు.

కొండదారి గారి చివరి సలహాతో మాత్రం ఒప్పుకోను. మంత్రగాడికి ముందు నిలబడే మనిషి కావాలి. తోడుగా ఉండే లిడియా వచ్చేది ఆ క్వెస్ట్‌లోని మొదటి డ్రాగన్ చచ్చాకే. బారోలో నేర్చుకున్న అరుపు (షౌట్ అనే శక్తి) పనిచేయాలన్నా డ్రాగన్ ఆత్మ ఉండాలి. పదిహేను గంటలు అవి లేకుండా తిరగడమంటే సగం ఆట తాళం వేసుకున్నట్టే.

కొండదారి:
తోడు మనిషి కోసమే అయితే వైట్‌రన్‌లోని డ్రంకెన్ హంట్స్‌మన్ అనే దుకాణంలో జెనాసా అనే కిరాయి యోధురాలు 500 నాణేలకు వస్తుంది. రివర్‌వుడ్‌లో ఫెయిండల్‌కు చిన్న సాయం చేస్తే ఉచితంగానే వస్తాడు. అరుపుల సంగతిలో మీరన్నది నిజం, దానికి నా దగ్గర జవాబు లేదు.

మోడ్ల_మేస్త్రి:
మీ ల్యాప్‌టాప్‌కు ఆట బరువేమీ కాదు. స్పెషల్ ఎడిషన్ అడిగే కనీస ర్యామ్ 8 జీబీనే, కాబట్టి వెనక బ్రౌజర్ మూసేసి ఆడండి. 2011 నాటి పాత వెర్షన్ కొనొద్దు, అది 32 బిట్, మోడ్స్ పెరిగితే మెమరీ చాలక కూలిపోతుంది.

144 హెర్ట్జ్ స్క్రీన్ అన్నారు, అసలు ప్రమాదం అక్కడుంది. ఈ ఇంజిన్‌లో వస్తువుల కదలిక ఫ్రేమ్ రేట్‌కు ముడిపడి ఉంది. 60 బాగా దాటితే బల్ల మీది గిన్నెలు ఎగిరిపోతాయి, మొట్టమొదటి బండి సీన్‌లోనే బండి గంతులేస్తుంది. ఆటలోని వీసింక్ స్క్రీన్ వేగాన్నే పట్టుకుంటుంది కాబట్టి అది కాపాడదు. ఎన్విడియా కంట్రోల్ ప్యానెల్ తెరిచి, మేనేజ్ త్రీడీ సెట్టింగ్స్‌లో ప్రోగ్రామ్ సెట్టింగ్స్‌కు వెళ్లి, స్కైరిమ్‌ను ఎంచుకుని, మ్యాక్స్ ఫ్రేమ్ రేట్ 60 పెట్టండి.

మోడ్స్ మొదటిసారికి రెండు మూడు చాలు. అనఫిషియల్ ప్యాచ్ తప్పనిసరి, ఏళ్ల తరబడి మిగిలిపోయిన క్వెస్ట్ బగ్స్ వందల్లో సరిచేస్తుంది. స్కైయూఐ వేస్తే మౌస్‌తో ఇన్వెంటరీ మనిషి వాడేలా మారుతుంది, దానికి ఎస్‌కేఎస్‌ఈ (స్క్రిప్ట్ ఎక్స్‌టెండర్ అనే అదనపు ప్రోగ్రామ్) కావాలి. ఎస్‌కేఎస్‌ఈ వెర్షన్ ఆట వెర్షన్‌తో అచ్చంగా సరిపోవాలి. ఆట అప్‌డేట్ అయిన మర్నాడు ఏదీ తెరుచుకోవట్లేదని గోల పెట్టేది ఇది సరిపోకే. స్టీమ్‌లో ఆట ప్రాపర్టీస్‌కు వెళ్లి, లాంచ్ చేసినప్పుడు మాత్రమే అప్‌డేట్ అయ్యేలా పెట్టి, ఆటను ఎప్పుడూ ఎస్‌కేఎస్‌ఈ లోడర్ నుంచే తెరవండి. మాడ్ ఆర్గనైజర్ 2 వాడితే అసలు ఆట ఫోల్డర్ చెక్కుచెదరదు.

ఆర్డినేటర్ లాంటి పర్క్ మోడ్స్ మంత్రగాడి కష్టం తీరుస్తాయి గానీ, అసలు ఆట రుచి చూశాక వేసుకోండి. వేస్తే కొత్త క్యారెక్టర్‌తో మొదలుపెడితే మేలు. స్క్రిప్టులున్న మోడ్‌ను ఆట మధ్యలో తీసేయడం అన్నిటికంటే పెద్ద తప్పు. దాని స్క్రిప్టులు సేవ్ ఫైల్‌లోనే ఇరుక్కుపోతాయి. ఆ రోజు ఏమీ కాదు, ఇరవై గంటల తర్వాత సేవ్ తెరుచుకోకపోవచ్చు. క్విక్‌సేవ్ ఒక్కదాన్నే నమ్ముకోకుండా గంటకోసారి కొత్త సేవ్ పెట్టండి.

సాయంత్రపు_ఆట:
చాలా థ్యాంక్స్ అన్నలూ. బ్రెటన్, అడెప్ట్, అనఫిషియల్ ప్యాచ్, స్కైయూఐ. ఫ్రేమ్ రేట్ 60కి కట్టేశా, బండి కుదురుగానే వెళ్తోంది. ఒక్క సందేహం: మొదట్లో మూడు రాళ్లు ఎదురైనప్పుడు మంత్రగాడి రాయి తీసుకుంటే తర్వాత మార్చుకోవచ్చా?

నిప్పుకణిక:
ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు, రాయి దగ్గరికి వెళ్లి ముట్టుకుంటే చాలు. ఇప్పటికి మేజ్ స్టోన్ తీసుకో, మంత్ర స్కిల్స్ 20 శాతం వేగంగా పెరుగుతాయి. అయితే ఒక్కసారికి ఒక్క రాయే పనిచేస్తుంది, కొత్తది ముట్టుకోగానే పాతది పోతుంది.