బెంగళూరులో స్వేడ్ రోజూ వేసుకునే వస్తువేనా?

బెళ్లందూరు బాటసారి:
నిన్న ఆఫీసులో భోజనాల దగ్గర మొదలైన వాదన ఇంకా తెగలేదు. అందుకే ఇక్కడ పెడుతున్నాను. నేను తేనె రంగు స్వేడ్ (నూగు లేపిన తోలు) లోఫర్లు, అంటే తాళ్లు లేని బూట్లు, వారానికి మూడు రోజులు వేసుకుంటాను. అది చూసి మా సహోద్యోగి ఒకరు, ఈ ఊళ్లో స్వేడ్ కొనడమంటే డబ్బు నీళ్లలో పోయడమేనని, విందులకు తప్ప అది పనికిరాదని అన్నారు. ఆ మాట నేను ఒప్పుకోలేకపోతున్నాను.

స్వేడ్‌ను మనం పట్టుబట్టలతో జతకట్టి ఆలోచిస్తున్నాం. అది చేరవలసింది నూలు బట్టల సరసన. మెరుపు లేని తోలు కదా! మామూలు నూలు చొక్కా, జీన్సు వేసుకుని తళతళలాడే నల్ల బూట్లు తొడిగితే చూపంతా పాదాల దగ్గరే ఆగిపోతుంది. నూగు ఉన్న బూటు అలా కాదు, బట్టలో కలిసిపోతుంది. ముదురు నీలం జీన్సుకు తేనె రంగు, బూడిద రంగు ప్యాంటుకు ముక్కుపొడి రంగు, ఖాకీకి ముదురు కాఫీ గింజ రంగు ఎంత హాయిగా అమరుతాయో ఒకసారి వేసుకుని చూడండి. ఖాదీ, నార బట్ట, గీతల కార్డురాయ్ వంటి గరుకు బట్టలకైతే ఇంతకు మించిన జోడీ లేదు. నల్ల స్వేడ్ మాత్రం వద్దంటాను. మన దుమ్ముకు త్వరగా వెలిసిపోతుంది. బూటు స్వేడ్ అయితే బెల్టు కూడా స్వేడే కావాలన్న నియమమేమీ లేదు. ఒంటి మీద నూగు తోలు ఒక్కటి చాలు.

ఇది విందుల సరుకు అనడం మరీ అన్యాయం. బ్రిటన్‌లో క్లార్క్స్ బూట్ల సంస్థ కుటుంబానికి చెందిన నేథన్ క్లార్క్ రెండో ప్రపంచ యుద్ధ కాలంలో బర్మాలో ఉండగా, తన తోటి సైనికాధికారులు కైరో బజారులో కుట్టించుకున్న స్వేడ్ బూట్లను చూశాడు. వాటి నమూనాలో తయారైన డెజర్ట్ బూటు 1950లో మార్కెట్లోకి వచ్చింది. ముడి రబ్బరు అడుగు, తాడుకు రెండు జతల కన్నాలు, అంతే. తిరగడానికి పుట్టిన బూటు అది.

వానలో తడిసినవాడు:
కైరోలో వాన ఎంత, మన దగ్గర ఎంత? బెంగళూరులో ఏడాదికి సగటున 970 మిల్లీమీటర్ల వరకు పడుతుంది. సెప్టెంబరులో మరీ ఎక్కువ. పైగా ఈ ఊరి వాన చాలాసార్లు సాయంత్రమే వస్తుంది. పొద్దున ఎండ చూసి బూట్లు ఎంచుకుంటాం, ఇంటికి బయలుదేరే వేళకు ఆకాశం విరిగి పడుతుంది.

నిరుడు అక్టోబరులో సిల్క్ బోర్డు కూడలి దగ్గర బస్సు దిగేసరికి చీలమండల దాకా నీళ్లు. అయిదు వేలు పెట్టి కొన్న జత అది. ఇంటికి వచ్చి ఆత్రంగా జుట్టు ఆరబెట్టే యంత్రంతో ఆరబెట్టాను. తెల్లారేసరికి అట్టలా బిగుసుకుపోయాయి, చుట్టూ అలల్లాంటి మరకలు. దానికి ముందే కొత్త జీన్సు నీలిరంగు బూటు మెడకు అంటుకుని ఉంది. అదీ పోలేదు. నెలజీతంతో ఇల్లు నడుపుకునేవాళ్లకు ఇలాంటి వస్తువును రోజువారీ వస్తువని చెప్పడం సరికాదు. మీరు వారానికి మూడు రోజులు వేసుకుంటున్నారంటే బహుశా కారులో వెళ్తున్నారు. బస్సులో, బైకు మీద వెళ్లేవారి సంగతి కూడా చెప్పండి. గేరు తగిలి తగిలి ఎడమ బూటు ముందు భాగంలో నూగు పోయి బట్టతల అవుతుంది.

ఆంబూరు అల్లుడు:
పదకొండేళ్లు ఆంబూరులో తోళ్ల శుద్ధి పని చేసి ఇప్పుడు బెంగళూరులో ఉంటున్నాను. మీ ఇద్దరూ స్వేడ్ అంటే ఒకే వస్తువన్నట్టు మాట్లాడుతున్నారు. చిక్కంతా అక్కడే ఉంది.

వెంట్రుకలు ఉన్న వైపు కాకుండా లోపలి వైపు, అంటే మాంసం వైపు, గరుకు కాగితంతో సాన పట్టి నూగు లేపితే స్వేడ్. వెంట్రుకల వైపే సన్నగా రుద్దితే నూబక్. మేక, గొర్రె తోళ్ల స్వేడ్ పలుచగా, మెత్తగా ఉంటుంది. చేతి తొడుగులకు, జాకెట్లకు, సంచులకు అది మేలు. అసలు ఆ పేరే స్వీడన్ చేతి తొడుగుల నుంచి వచ్చింది, స్వీడన్‌ను ఫ్రెంచి వారు 'సుయెద్' అంటారు. పశువుల దళసరి తోలును పొరలుగా చీల్చినప్పుడు కింద మిగిలిన పొరతోనూ స్వేడ్ చేస్తారు. చవక బూట్లలో ఎక్కువగా ఉండేది ఇదే. పై పొర లేదు గనుక దీని బిగువు తక్కువ. కొనేటప్పుడు వేలితో ఒకవైపు నిమరండి. రంగు ముదిరి, ఎదురు నిమిరితే తేలికపడాలి. నూగు పొట్టిగా, ఒత్తుగా ఉండాలి. పొడుగ్గా చింపిరిగా ఉంటే ఆ జత వదిలేయండి.

తడిసినవారి సంగతికి వస్తే, మీ బూట్లను పాడుచేసింది నీళ్ల కంటే ఆ వేడిగాలే. వేడికి తోలులోని నారపోగులు ముడుచుకుపోతాయి. నీళ్లు పాకుతూ రంగును, మురికిని అంచుకు తోసుకుపోతాయి గనుక అలల మరక వస్తుంది. అలాంటప్పుడు మొత్తం బూటును తడి గుడ్డతో సమంగా తడిపి, లోపల తెల్ల కాగితం కూరి, నీడలో గాలి తగిలేలా ఉంచాలి. అచ్చు కాగితం వద్దు, సిరా అంటుతుంది. పూర్తిగా ఆరాకే బ్రష్షు. నూనె పడితే మొక్కజొన్న పిండి చల్లి రాత్రంతా వదిలేయాలి. చిన్న మరక పెన్సిల్ రబ్బరుకే పోతుంది. నీటిని ఆపే స్ప్రే కొత్తప్పుడే కొట్టి, అరిగేకొద్దీ మళ్లీ కొట్టాలి, కాని ముందు కనిపించని చోట పరీక్షించండి. అది చినుకులను ఆపుతుంది, సిల్క్ బోర్డు నీళ్లను కాదు.

జయనగరం నూలుచీర:
అందరూ బూట్ల దగ్గరే ఆగిపోయారు! స్వేడ్ సంచి సంగతి చెప్పనివ్వండి. మంగళగిరి నూలుచీర మీదికి, ముఖ్యంగా బూడిద రంగు, వేపాకు రంగు చీరల మీదికి, ఇటుక రంగు స్వేడ్ భుజం సంచి నాలుగేళ్లుగా వాడుతున్నాను. మంగళగిరి నేత బిగువు, జరీ అంచు సన్నం. దాని పక్కన మెరిసే తోలు సంచి పెట్టి చూడండి, అంచు వెలవెలబోతుంది. స్వేడ్ సంచి పెడితే ఆ సన్నని జరీ గీత ఒక్కటే మెరుస్తుంది. పోచంపల్లి ఇక్కత్‌కు మాత్రం అచ్చంగా ఒకే రంగు సంచి, ఏ కుచ్చులూ లేనిది, పట్టుకోవాలి. చీరలోనే కావలసినంత ఆట ఉంది.

ఒక హెచ్చరిక. తెల్ల కుర్తా మీద ముదురు రంగు స్వేడ్ సంచి వేసుకునే ముందు తడిపిన తెల్ల రుమాలుతో సంచిని రుద్ది చూడండి. రుమాలుకు రంగు అంటితే కుర్తాకూ అంటుతుంది. నా తెల్ల చికన్ కుట్టుపని కుర్తా నడుము దగ్గర ఇప్పటికీ మచ్చ ఉంది.

జాకెట్ల మాటకొస్తే, సముద్రమట్టానికి 900 మీటర్ల పైన ఉన్న ఊరు ఇది. నవంబరు చివరి నుంచి ఫిబ్రవరి దాకా పొద్దుటి పూట స్వేడ్ జాకెట్ నిజంగా ఒంటికి హాయి. చెన్నైలో మా చెల్లి అదే జాకెట్‌ను ఆరేళ్లలో రెండుసార్లు వేసుకుంది.

వానలో తడిసినవాడు:
అల్లుడు గారూ, వివరానికి ధన్యవాదాలు. వేడిగాలి తప్పు నాదే. కాని మీరు చెప్పిన పనుల వరుస చూడండి! అంత సేవ చేయవలసినదాన్ని రోజువారీ అనగలమా? కృత్రిమ స్వేడ్ ఉంది కదా. 1970లో జపాన్‌లో టోరే సంస్థ శాస్త్రవేత్త మియోషి ఒకమోతో అతి సన్నని పాలియెస్టర్ పోగులతో అల్ట్రాస్వేడ్ తయారు చేశాడు. ఉతకవచ్చు. ఏ జంతువూ చావనక్కరలేదు. నాకు ఆ రెండో కారణం చిన్నది కాదు.

ఆంబూరు అల్లుడు:
జంతువుల విషయంలో మీ మనసు మీది, దానికి ఎదురు చెప్పను. నాణ్యమైన కృత్రిమ స్వేడ్ మంచిదే. కాని మన బజారులో ఎనిమిది వందలకు దొరికే బూటు అది కాదు. గుడ్డకు నూగు అతికించిన సరుకు అది, మడత పడే చోట మొదట లేచిపోతుంది. తేమకు పాలీయూరిథేన్ అనే ప్లాస్టిక్ అడుగు కొన్నేళ్లలో పొడి రాలడం కూడా చూశాను. అసలు తోలు వాడకపోతే, దళసరి నూలు గుడ్డ బూట్లు కొనుక్కోండి, స్వేడ్ వేషం వేసినవి వద్దు.

బెళ్లందూరు బాటసారి:
తడిసినవారూ, నేను కారులో వెళ్లను. ఇంటి నుంచి ఆఫీసుకు పావుగంట నడక. మీ ప్రశ్న వచ్చేవరకు అది ఎంత పెద్ద తేడానో నాకు తట్టలేదు. నడక దూరంలో ఉన్నవాడి సలహా బస్సులో రెండు గంటలు గడిపేవారికి పనికిరాదు. ఆ మేరకు నా మాట సవరించుకుంటున్నాను. వానలు మొదలైనప్పటి నుంచి నవంబరు నడిమి దాకా స్వేడ్‌ను గుడ్డ సంచిలో పెట్టి, ప్లాస్టిక్‌లో కాకుండా, వారానికోసారి గాలి తగిలిస్తాను.

డిసెంబరు నుంచి మార్చి వరకు మాత్రం నన్ను ఆపకండి. ఆ నాలుగు నెలలూ ఈ ఊళ్లో వాన అరుదు, పొద్దుటి వెలుతురు పలుచన. ఆ వెలుతురులో ముక్కుపొడి రంగు స్వేడ్, ఉతికి ఉతికి మెత్తబడిన నీలం చొక్కా కలిసి కనిపిస్తే మా సహోద్యోగే ఎక్కడ కొన్నావని అడుగుతారు.

వానలో తడిసినవాడు:
నాలుగు నెలలకైతే ఒప్పుకుంటాను. అల్లుడు గారూ, అట్టలా అయిన ఆ జత ఇంకా అటక మీదే ఉంది. సమంగా తడిపి ఆరబెడితే ఇప్పుడైనా మెత్తబడుతుందా?

ఆంబూరు అల్లుడు:
మరక తగ్గుతుంది. బిగుసుకున్న చోట మాత్రం పూర్తిగా మునుపటిలా రాదు. ఆదివారం పొద్దున్నే తడిపి, మూడు రోజులు నీడలో వదిలేసి, ఆరాక చేత్తో మెల్లగా నలిపి బ్రష్షు చేయండి.